శిక్షణ శైలి, క్రీడాకారుల ప్రేరణ: సైదాబాద్ పరిసరాల నుంచి ఒక పరిశీలన

కోచ్ ఆటగాళ్లతో ఎలా మాట్లాడతాడు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, తప్పు జరిగితే ఏమంటాడు, గెలిచిన రోజు దేన్ని మెచ్చుకుంటాడు అన్నవన్నీ కలిపితే శిక్షణ శైలి. తెల్లవారకముందే లేచి గ్రౌండుకు వచ్చేలా, గాయం మానాక మళ్లీ మొదలుపెట్టేలా ఆటగాణ్ణి నడిపించే లోపలి బలమే ప్రేరణ. అది సన్నగిల్లిన రోజు ఆట కూడా ఆగిపోతుంది. ఈ రెండింటి సంబంధం మీద 1970ల నుంచి విస్తారంగా పరిశోధన జరిగింది. ఫుట్‌బాల్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం, బ్యాడ్మింటన్‌లో ఎస్.ఎం. ఆరిఫ్, పుల్లెల గోపీచంద్, అథ్లెటిక్స్‌లో నాగపురి రమేష్ వంటి శిక్షకుల నగరం కాబట్టి హైదరాబాద్‌లో ఈ విషయానికి ఉదాహరణలు పుష్కలంగా దొరుకుతాయి. వాటిని వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆటగాణ్ణి నిలబెట్టేదీ పడగొట్టేదీ కోచ్ కఠినంగా ఉన్నాడా, మెత్తగా ఉన్నాడా అన్నది కాదు. ఆ కఠినత్వం తన కోసమేనని ఆటగాడు నమ్మగలిగాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మైదానాలు, అక్కడికి వచ్చేవాళ్లు

సైదాబాద్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ప్రాంతాలు. ఇక్కడ ఆటలకు పెద్ద ఆధారం సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం. కొత్తపేట పక్కనున్న విక్టోరియా మెమోరియల్ హోం ఆవరణ రెండోది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ పిల్లల కోసం ఏర్పడిన ఈ సంస్థను స్థానికులు వీఎం హోం అంటారు, మెట్రో స్టేషన్‌కూ దాని పేరే పెట్టారు. పేరు చూసి చాలామంది ఎల్బీ స్టేడియం కూడా ఇటువైపే ఉందనుకుంటారు. అది బషీర్‌బాగ్‌లో ఉంది. ఎల్బీనగర్‌కూ ఆ స్టేడియానికీ లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టడమే ఈ పొరపాటుకు మూలం.

ఈ గ్రౌండ్లకు వచ్చేవాళ్లు ఒక్క రకం కాదు. ఎండాకాలం సెలవుల్లో జీహెచ్‌ఎంసీ నడిపే వేసవి శిక్షణ శిబిరాలకు 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు వస్తారు. స్కూలు టీముల కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పిల్లలను పీఈటీ సార్లు తీసుకొస్తారు. ఇక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ పోలీసు ఉద్యోగాలకు చదువుకునే యువతీ యువకులు పొద్దున్నే పరుగు సాధన చేస్తారు. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్‌జంప్, షాట్‌పుట్ కూడా ఉంటాయి. వీళ్లను క్రీడాకారులని ఎవరూ పిలవరు. కానీ స్టాప్‌వాచ్ పట్టుకున్న శిక్షకుడు, గడువులోపు చేరాల్సిన దూరం, విఫలమవుతామన్న భయం, పక్కవాడితో పోలిక అన్నీ ఇక్కడా ఉన్నాయి. ప్రేరణను అధ్యయనం చేసేవారికి ఇంత చక్కటి సందర్భం మరోచోట దొరకడం కష్టం.

ఈ ప్రాంతానికే చెందిన మరో ప్రభావాన్ని కూడా చెప్పుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలకు పేరుమోసిన చోటు. మార్కులు, ర్యాంకులు, గోడ మీద ఫొటోలు ఇక్కడి వీధుల్లో రోజూ కనిపిస్తాయి. ఆ అలవాటు గ్రౌండు దాకా వస్తుంది. బ్యాట్ పట్టుకున్న పదేళ్ల పిల్లవాడి తల్లిదండ్రులు మూడో వారానికే సెలక్షన్స్ ఎప్పుడని అడుగుతారు. ఆ ప్రశ్న ఒత్తిడి ముందు కోచ్ మీద పడుతుంది, కోచ్ నుంచి పిల్లల మీదికి దిగుతుంది. కోచ్ శైలి ఎప్పుడూ ఆయన స్వభావం ఒక్కటే నిర్ణయించేది కాదనడానికి ఇదే సాక్ష్యం.

శైలుల అధ్యయనం ఎలా సాగింది

నాయకత్వ శైలుల మీద తొలి ప్రసిద్ధ ప్రయోగం ఆట మైదానంలో జరగలేదు. అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల వయసు అబ్బాయిల బృందాలకు మూడు రకాల నాయకులను పెట్టి చూశారు. ఒకరు అన్నీ తామే ఆదేశించేవారు, ఒకరు పిల్లలతో కలిసి నిర్ణయించేవారు, మరొకరు పట్టించుకోకుండా వదిలేసేవారు. 1939లో వెలువడిన ఫలితాల్లో అందరూ గుర్తుంచుకున్నది ఒకటుంది. ఆదేశించే నాయకుడు గదిలో ఉన్నంతసేపు పని బాగా సాగింది, ఆయన బయటికి వెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న బృందంలో పని ఆగలేదు. కోచ్ లేని రోజు తన పిల్లలు వార్మప్ చేస్తారా లేదా అన్నది ఏ గ్రౌండులోనైనా ఈ ప్రయోగానికి తేలికైన పరీక్ష.

1970లలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ పిల్లల బేస్‌బాల్ కోచ్‌ల ప్రవర్తనను గ్రౌండులోనే కూర్చుని నమోదు చేశారు. పిల్లలు తమ కోచ్‌ను ఇష్టపడటానికీ జట్టు గెలుపోటములకూ సంబంధం దాదాపు లేదని వారికి తేలింది. అయితే జట్టు గెలిచినప్పుడు తమ అమ్మానాన్నలకు కోచ్ నచ్చాడని పిల్లలు అనుకున్నారు. అంటే గెలుపు లెక్క పెద్దలదేనన్న సంగతి పిల్లలు గ్రహించారు. కోచ్ ప్రవర్తన వల్ల ఎక్కువగా ప్రభావితమైనవాళ్లు ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్న పిల్లలు. ఈ ఇద్దరి బృందం తర్వాత కోచ్‌లకు ఒక చిన్న శిక్షణ రూపొందించింది. తప్పు జరిగినప్పుడు ముందు ధైర్యం చెప్పి, ఆ తర్వాత సరిచేయడం దాని సారం. 1992లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి సీజన్‌కు మానేసినవారు 5 శాతం. శిక్షణ పొందని కోచ్‌ల దగ్గర 26 శాతం. ఈ రంగంలో ఇంత ఆలోచింపజేసే అంకెలు తక్కువ.

భారతదేశంలో పుట్టి కెనడాలో పరిశోధన చేసిన పాకియనాథన్ చెల్లాదురై ఈ చర్చకు మరో మలుపు ఇచ్చారు. మంచి శైలి ఒక్కటే ఉంటుందన్న ఆలోచనను ఆయన పక్కన పెట్టారు. పరిస్థితి కోరేది, ఆటగాడు ఇష్టపడేది, కోచ్ వాస్తవంగా చేసేది అనే మూడు ఎంతవరకు కలుస్తాయో దాన్నిబట్టే ఆటగాడి సంతృప్తి, ఆటతీరు ఉంటాయని ఆయన నమూనా చెబుతుంది. శిక్షణ, నిరంకుశ ధోరణి, ప్రజాస్వామిక ధోరణి, అండగా నిలవడం, మెచ్చుకోలు అనే ఐదు అంశాలతో ఆయన 1980లో ఎస్.డి. సలేహ్‌తో కలిసి రూపొందించిన కొలమానాన్ని ఇప్పటికీ అనేక దేశాల్లో వాడుతున్నారు. కోచ్‌లను మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు వరుసల్లో నిలబెట్టే తొందరకు ఆయన నమూనా మంచి అడ్డుకట్ట.

ప్రేరణలో మెట్లు

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ 1980లలో స్థిరపరచిన స్వయం నిర్ణయ సిద్ధాంతం ప్రకారం ప్రేరణ ఉందా లేదా అని అడిగితే సరిపోదు, అది ఏ రకందో అడగాలి. వీఎం హోంలో పరుగెత్తే నలుగురిని ఊహించుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ఒకరు ఇంట్లోవాళ్లు తిడతారని పరుగెత్తుతారు. మరొకరు ఈసారీ ఫెయిలైతే ఊళ్లో తలెత్తుకోలేనని పరుగెత్తుతారు. ఇంకొకరికి ఉద్యోగం ముఖ్యం, దానికి పరుగు అవసరమని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. నాలుగో మనిషికి మెల్లగా పరుగే నచ్చడం మొదలైంది. నలుగురి టైమింగ్ ఆ రోజుకు ఒకటే కావచ్చు. పరీక్ష వాయిదా పడ్డ రోజు గ్రౌండుకు ఎవరొస్తారన్నది మాత్రం ఒకేలా ఉండదు. మొదటి ఇద్దరిది ఒత్తిడి మీద నడిచే ప్రేరణ, అది ఒత్తిడి తీసేయగానే ఆగుతుంది. మూడో మనిషిది బయటి లక్ష్యమే అయినా సొంతం చేసుకున్న లక్ష్యం. ఉద్యోగం కోసం ఆడటాన్ని చిన్నచూపు చూసేవారు ఈ తేడా గమనించాలి. స్పోర్ట్స్ కోటా ఆశతో మొదలుపెట్టి ఆటను ప్రేమించినవాళ్లు ఎందరో ఉన్నారు. పేదింటి పిల్లలకు ఆ ఆశే మొదటి తలుపు.

ఈ సిద్ధాంతం మనిషికి మూడు మానసిక అవసరాలున్నాయంటుంది. చేస్తున్నది తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన ఒకటి. తనకు అది చేతనవుతోందన్న నమ్మకం రెండోది. తనను పట్టించుకునే మనుషుల మధ్య ఉన్నానన్న అనుబంధం మూడోది. జెనెవీవ్ మజో, రాబర్ట్ వాలరాండ్ 2003లో దీన్ని కోచ్‌లకు అన్వయించారు. హద్దులు గీసి వాటిలో ఎంపికకు చోటివ్వడం, ఈ డ్రిల్లు ఎందుకో కారణం చెప్పడం, ఆటగాడి ఇబ్బందిని గుర్తించడం, అపరాధ భావంతో లొంగదీసుకోకపోవడం వారి జాబితాలోవి. కారణం చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. మన గ్రౌండ్లలో ఎక్కువగా కరువైనది అదే.

బహుమతుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలే తక్కువగా బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు. వేసవి శిబిరాల్లో పంచే సర్టిఫికెట్లు మానేయాలని దీని అర్థం కాదు. శిబిరం మొదటి రోజు నుంచీ దాని గురించే మాట్లాడితే, ఆడటం అనేది సర్టిఫికెట్ తెచ్చుకునే దారిగా మాత్రమే పిల్లల మనసులో మిగులుతుంది.

రహీం సాబ్

మలక్‌పేట నుంచి మూసీ దాటితే చాదర్‌ఘాట్, దాన్ని దాటితే కాచిగూడ. ఉస్మానియా పట్టభద్రుడైన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన ఆధ్వర్యంలో 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. మధ్యలో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది కూడా. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో ఆయన పేరు కొత్త తరానికి చేరింది.

ఆయన శైలిని ఏ ఒక్క పెట్టెలోనూ పెట్టలేం. జట్టు ఎంపిక, వ్యూహం ఆయన చేతుల్లోనే ఉండేవి. ఆ లెక్కన చెల్లాదురై కొలమానంలో నిరంకుశ ధోరణి కనిపిస్తుంది. కానీ శిక్షణ పద్ధతులు చూస్తే ఆయన ఒక బడిపంతులు. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టేవారు. దీని వెనుక ఉన్న ఆలోచన ఎంత లోతైందో ఆలోచించాలి. ఎడమ కాలితో మాత్రమే ఆడాలన్నప్పుడు అప్పటిదాకా అందరికన్నా మేటి అనిపించుకున్న కుర్రాడు కూడా మళ్లీ మొదటి తరగతిలో కూర్చుంటాడు. అందరూ తప్పులు చేస్తారు, కాబట్టి తప్పు అవమానం కాదు. డ్రిబ్లింగ్ వద్దంటే సొంత ప్రతాపానికి చోటు లేదు, పక్కవాణ్ణి చూసి పాస్ ఇవ్వాల్సిందే. పక్కవాడికన్నా ఎంత గొప్ప అన్నది కాకుండా నిన్నటికన్నా ఎంత మెరుగు అన్నదే కొలతగా ఉండే వాతావరణాన్ని క్రీడా మనోవిజ్ఞానం నేర్పు ప్రధానమైన వాతావరణం అంటుంది. కరోల్ ఏమ్స్, జాన్ నికోల్స్, జోన్ డ్యూడా వంటివారు దాన్ని సిద్ధాంతంగా రాసింది రహీం పోయిన చాలాకాలానికి. ఆయన దాన్ని హైదరాబాద్ మట్టి గ్రౌండ్లలో ఆచరించి చూపారు.

1962 జకార్తా కథలో ప్రేరణకు సంబంధించిన అంశాలన్నీ ఒకేచోట ఉన్నాయి. భారత్ తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు పిలవకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు తప్పుపట్టడంతో రేగిన వివాదం వల్ల స్టేడియం జనమంతా భారత్‌కు వ్యతిరేకంగా ఉన్నారు. రహీం ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. తలకు కుట్లతో ఉన్న జర్నైల్‌ను ఆయన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా పంపారు. ఫైనల్‌కు ముందు జ్వరంతో ఉన్న పీటర్ తంగరాజ్‌ను గోల్‌పోస్టు ముందు నిలబెట్టారు. ఇవి సాహసమైన నిర్ణయాలు. కోచ్ నువ్వు చేయగలవని చెప్పడం కన్నా, అందరూ చూస్తుండగా ఆ పని అప్పగించడం బలమైన మాట. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ చేశారు. తమను ఓడించిన కొరియానే భారత్ 2–1తో ఓడించింది. ఆ ముందు రాత్రి రహీం తనకు ఒక కానుకగా స్వర్ణం అడిగారని ఆటగాళ్లు తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. కొత్తగా వచ్చిన కోచ్ అదే మాట అంటే ఒత్తిడి అయ్యేది. పన్నెండేళ్లు వెంట నడిచిన మనిషి అడిగాడు కాబట్టి అది కుటుంబంలో పెద్ద అడిగినట్టు పనిచేసింది. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఇంతవరకు మళ్లీ స్వర్ణం గెలవలేదు.

దారి ఖర్చు

హైదరాబాద్ కోచ్‌ల కథల్లో పుస్తకాలు పట్టించుకోని ఒక విషయం పదేపదే ఎదురవుతుంది. పిల్లవాడు గ్రౌండుకు ఎలా చేరాడన్న సంగతి. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం శిక్షణకు రోజూ రావడానికి డబ్బు లేదంటే, సైకిలు అద్దెకు రహీం డబ్బిచ్చారని ఆయనే చెప్పుకున్నారు. బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడారు. సైనా నెహ్వాల్ చిన్నప్పుడు రాజేంద్రనగర్ వైపు నుంచి ఎల్బీ స్టేడియానికి తండ్రి స్కూటర్ మీద వచ్చేది. క్రికెటర్ తిలక్ వర్మను చాంద్రాయణగుట్ట వైపు నుంచి లింగంపల్లిలోని అకాడమీకి దాదాపు 40 కిలోమీటర్లు కోచ్ సలాం బయాష్ తన బండి మీద తీసుకెళ్లేవారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజిని హైదరాబాద్ పంపమని నాగపురి రమేష్ అడిగినప్పుడు, ఆ తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలు కూడా భారమే.

మూడు అవసరాల్లో అనుబంధం అని పరిశోధకులు పిలిచేది ఈ నగరంలో ముందుగా ఇలా బండి వెనక సీటు రూపంలో కనిపించింది. లాఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన సోఫియా జోవెట్ కోచ్–ఆటగాడి సంబంధంలో దగ్గరితనం, నిబద్ధత, పరస్పర సహకారం అనే మూడింటిని కొలుస్తారు. తెల్లవారుజామున గంటసేపు ఒకే బండి మీద వెళ్లేవారి మధ్య ఈ మూడూ పెరగడంలో ఆశ్చర్యం లేదు. 2018 సెప్టెంబర్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మెట్రో దారిలోకి వచ్చాయి. దూరం తగ్గింది, ఛార్జీ మాత్రం ఉంది.

దీప్తి విషయంలో రమేష్ శిక్షణకు మరో ప్రత్యేకత ఉంది. ఆమె టీ20 విభాగంలో, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో పరుగెడతారు. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి పడ్డ అమ్మాయి. అలాంటివారికి సుదీర్ఘ ఉపన్యాసాల కన్నా ఒక్కో సూచనను ఓపికగా, మళ్లీ మళ్లీ చెప్పడం అవసరం. 2024 మేలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో 400 మీటర్ల స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం ఆమెకు దక్కాయి. 2016లో ద్రోణాచార్య అందుకున్న రమేష్ దగ్గరే ద్యుతీ చంద్ కూడా శిక్షణ పొందారు. హార్మోన్ల నిబంధన పేరుతో 2014లో పోటీలకు దూరమైన ద్యుతీకి గోపీచంద్ తన అకాడమీలో చోటిచ్చారు. 2018 ఆసియా క్రీడల్లో ఆమె రెండు రజతాలు గెలిచారు. ప్రపంచం వద్దన్న రోజు రమ్మన్న చోటు ఉండటం ఏ వ్యూహం కన్నా తక్కువది కాదు.

గోపీచంద్, ఆయన శిష్యులు

2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ పొందిన ఎస్.ఎం. ఆరిఫ్ క్రమశిక్షణకు మారుపేరు. ఆయన శిష్యుడైన గోపీచంద్ మోకాలి గాయం నుంచి కోలుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో 2008లో గచ్చిబౌలిలో అకాడమీ ప్రారంభించారు. అక్కడ సాధన తెల్లవారకముందే మొదలవుతుంది, కోచే ముందు వచ్చి ఉంటాడు. సైనాకు 2012 లండన్ కాంస్యం, పి.వి. సింధుకు 2016 రియో రజతం, కిదాంబి శ్రీకాంత్‌కు 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు ఈ పద్ధతిలోనే వచ్చాయి.

రియోకు ముందు మూడు నెలలు సింధు ఫోన్ గోపీచంద్ దగ్గరే ఉంది, ఐస్‌క్రీం కూడా బంద్. అంతకన్నా ఆలోచించాల్సిన ఘట్టం మరొకటి. సహజంగా నెమ్మదస్తురాలైన సింధు కోర్టులో దూకుడు చూపాలని, అందరి ముందూ గట్టిగా అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దని ఆయన షరతు పెట్టారు. ఆమె ఏడ్చింది. చివరికి అరిచింది. ఇది పరిశోధకులు హెచ్చరించే నియంత్రణ శైలేనా? పైకి చూస్తే అవును. అయితే కొన్ని తేడాలున్నాయి. అడిగింది ఆట కోసమే, అవమానించడానికి కాదు. ఆమె ఆయన దగ్గర ఏళ్ల తరబడి పెరిగింది. మారేడ్‌పల్లి నుంచి రోజూ అంత దూరం వచ్చి నేర్చుకున్నది ఆమె ఇష్టమే, తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, ఆ కష్టం ఎందుకో ఇంట్లో తెలుసు. అదే షరతు మొదటి నెలలో ఉన్న పన్నెండేళ్ల అమ్మాయికి పెడితే ఆమె మరుసటి రోజు రాకపోవచ్చు. ఈ ఘట్టాన్ని విని తమ గ్రౌండులో యథాతథంగా అమలు చేసే కోచ్‌లు ఈ తేడాను వదిలేస్తారు, అక్కడే పిల్లలు నష్టపోతారు.

ఒకరికి సరిపోయిన శైలి ఆ మనిషికే ఎల్లకాలం సరిపోకపోవచ్చని కూడా ఈ అకాడమీ చరిత్ర చూపిస్తుంది. సైనా 2014లో బెంగళూరు వెళ్లి విమల్ కుమార్ దగ్గర శిక్షణ తీసుకున్నారు, మరుసటి ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయ్యారు, 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికి వచ్చారు. సింధు 2019లో కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ సలహాలతో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు, ఫైనల్లో ఒకుహరాపై 21–7, 21–7. టోక్యో కాంస్యం నాటికి ఆమె వెంట ఉన్నది పార్క్ టే సాంగ్. దీన్ని కొందరు గురువును వదిలేయడంగా రాశారు. అది అన్యాయం. ఎదిగిన క్రీడాకారిణి తన శిక్షణను తానే నిర్ణయించుకోవడం ఆ గురువు ఇచ్చిన విద్యకు సహజమైన కొనసాగింపు. పదహారేళ్ల వయసులో ఫోన్ తీసుకునే కోచ్ అవసరం కావచ్చు, ఇరవై ఐదేళ్ల వయసులో కలిసి ప్రణాళిక రాసే కోచ్ కావాలి.

కఠినత్వం, నియంత్రణ ఒకటి కావు

కింబర్లీ బార్తొలోమ్యూ, నికోస్ ఎన్టుమానిస్ తదితరులు 2010లో నియంత్రణ శైలిని నాలుగు ప్రవర్తనలుగా విడదీశారు. బహుమతిని ఎరగా వాడటం, బాగా ఆడనప్పుడు ముఖం చాటేయడం, బెదిరించడం, ఆటతో సంబంధం లేని జీవితంపైనా పెత్తనం చేయడం. ఇందులో రెండోదాన్ని మనం గమనించం. ఓడిన పిల్లవాడితో రెండు రోజులు మాట్లాడకపోవడం కొట్టడమంత స్పష్టంగా కనిపించదు. కానీ కోచ్ ప్రేమ షరతు మీద ఉందని వాడికి ఆ మౌనం నేర్పుతుంది. 2011లో అదే బృందం చేసిన అధ్యయనాల్లో, ఇలాంటి వాతావరణం వల్ల అవసరాలు అణగారిన క్రీడాకారుల్లో తీవ్రమైన అలసట, తిండి అలవాట్ల లోపాలు కనిపించాయి.

కఠినమైన శిక్షణ వేరు. స్పష్టమైన నియమాలు, అందరికీ ఒకే లెక్క, ఎక్కువ సాధన, సూటి దిద్దుబాటు అనేవి ఆటగాడికి నాకు చేతనవుతోందన్న నమ్మకాన్ని పెంచేవే. అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ సాధనలను 1974–75 సీజన్‌లో రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ నమోదు చేసినప్పుడు 2,326 చర్యల్లో సగం పైచిలుకు నేరుగా ఎలా చేయాలో చెప్పేవే. పొగడ్తలు తక్కువ, తిట్లు కూడా తక్కువ. ఆయన ప్రధానంగా పాఠం చెప్పేవారు. ఆ విషయంలో రహీం ఆయనకు సోదరుడే.

దెబ్బ తగిలితేనే దారికొస్తాడన్న నమ్మకం మన గ్రౌండ్లలో ఇప్పటికీ ఉంది. ఆ వాదనకు ఆధారంగా పతకం గెలిచినవాళ్లను చూపిస్తారు. సార్ కొట్టారు, అందుకే ఇంతవాణ్ణయ్యానని పెద్ద క్రీడాకారులు చెప్పడం నిజమే. కానీ అదే గ్రౌండులో దెబ్బలకు భయపడి మానేసినవాళ్లను ఇంటర్వ్యూ చేసేవారు ఎవరూ లేరు. మిగిలినవాళ్ల మాట మాత్రమే వింటే ఏ పద్ధతైనా పనిచేసినట్టే ఉంటుంది. చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బడి గ్రౌండు బడిలో భాగమే.

అమ్మాయిల విషయంలో ఇంకో మెలిక ఉంది. నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు కోచ్ శంషాముద్దీన్ దగ్గర ఆడపిల్లలే లేరు, అబ్బాయిలతోనే తలపడింది. ఆమె 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ ఇంట్లో తండ్రి వెనక నిలబడ్డారు కాబట్టి అది సాధ్యమైంది. అమ్మాయి గ్రౌండుకు రావడం మానేస్తే అలసట అనుకునే ముందు బట్టలు మార్చుకునే గది ఉందా, చీకటి పడకముందే ఇల్లు చేరగలదా, తోడుగా ఇంకో అమ్మాయి ఉందా అని చూడాలి. ప్రేరణ లేదన్న ముద్ర వేసి తప్పించుకోవడం సులువు.

వేసవి ముగిశాక

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ పిల్లల్లో చాలామందికి మొదటి కోచ్ వేసవి శిబిరంలోనే పరిచయమవుతాడు. ఏప్రిల్ చివర మొదలై మే నెలాఖరుకు శిబిరాలు ముగుస్తాయి. జూన్ 12 ప్రాంతంలో తెలంగాణ బడులు తెరుస్తారు. సరిగ్గా పిల్లవాడికి సర్వీసు నేరుగా పడటం, కోచ్‌కు ఆ పిల్లవాడి పేరు గుర్తుండటం మొదలైన సమయంలోనే తెగిపోయే సంబంధం ఇది. చేతనవుతోందన్న నమ్మకానికి, అనుబంధానికి నెలలు, ఏళ్లు కావాలి. రహీం పన్నెండేళ్లు ఒకే జట్టును నడిపారు, గోపీచంద్ తన శిష్యులను బాల్యం నుంచి చూశారు. శిబిరంలో మెరిసిన పిల్లల పేర్లు ఆయా బడుల పీఈటీలకు చేరడం, అదే కోచ్ వారానికి రెండు సాయంత్రాలైనా అదే గ్రౌండులో ఉండటం, పోలీసు పరుగు సాధకులకు దొరికే ట్రాక్ మీదే బడిపిల్లలకూ ఒక గంట దొరకడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఈ ప్రాంతంలోని అనేక బడులకు సొంత ఆటస్థలం లేదు, పీఈటీ పోస్టు భర్తీ కాని చోట్లా ఉన్నాయి. శిక్షణ శైలి గురించిన చర్చ కోచ్ ఉన్న చోటే మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ ముందు కావలసింది సంవత్సరం పొడుగునా అదే పిల్లలకు అదే కోచ్.